వెతికే గడిని బతిమాలిన ఇస్త్రీ పిన్ని

హలో, అందరికీ నమస్కారమండీ. వినబడుతోందా? ఫోను పక్కన పెట్టకండి, చిన్న కథే. మా ఇస్త్రీ పిన్నిది.

ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే గదిలో ఆవిడ పని. సాయంత్రాలు సూపర్‌వైజర్ కోర్సు చదువుతోంది. క్లాసులో అందరికన్నా పెద్దది గనక అందరికీ పిన్నే. ఇస్త్రీ గది వేడికి మనుషులు ఎలా సొమ్మసిల్లిపోతారో వ్యాసం రాసింది. మాస్టారు ఒప్పుకోలేదు.

"మీ మాటకి తోడుగా అచ్చయిన పరిశోధన ఒక్కటైనా చూపించాలి. ఇవాళ సాయంత్రంలోగా ఇవ్వకపోతే కోర్సు మళ్ళీ మొదటినుంచీ చదవాల్సిందే" అన్నారు.

డ్యూటీ దిగి, కాళ్ళీడ్చుకుంటూ లైబ్రరీకొచ్చి కంప్యూటర్ ముందు కూలబడింది పిన్ని. అందులో పరిశోధనలన్నీ ఇంగ్లీషులోనే. బళ్ళో నేర్పిన సెలవు చీటీ ఇంగ్లీషు ఒక్కటే ఆవిడకి కంఠతా వచ్చు. అదే పద్ధతిలో వెతికే గడిలో కొట్టింది: గౌరవనీయులైన అయ్యా, నేను ఇస్త్రీ పని చేయుదానను, వేడి బాధలపై వ్యాసము దయతో ఇప్పించ ప్రార్థన.

ఏమీ దొరకలేదంది తెర. మర్యాద చాల్లేదేమోనని ఇంకో ప్లీజు తగిలించింది. అబ్బే, అదే మాట.

"నాకీ చదువు అచ్చిరాదు" అంటూ బల్లమీద తల వాల్చేసింది.

అటుగా వచ్చిన లైబ్రేరియన్ తెర చూసి నవ్వాపుకున్నాడు. "దానికెందుకమ్మా అన్ని దండాలు?"

"పెద్ద చదువులవాళ్ళ పెట్టె కదా సార్. మొరటుగా అడిగితే ఏం బావుంటుంది?"

"మీరు కొట్టిన మాటలన్నీ ఉన్న వ్యాసం కోసం వెతుకుతుందది. 'అయ్యా, ప్రార్థన' అని ఏ డాక్టరు రాస్తాడు? అసలు మాటలే ఉంచండి."

'లాండ్రీ, హీట్' అని కొట్టింది. బట్టలారబెట్టే యంత్రాల గురించి కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి.

"ఇందాక చుక్క లేదు, ఇప్పుడు వరదా!"

"'వర్కర్స్' చేర్చండి."

వరద తగ్గింది. ఒక వ్యాసం పనికొచ్చేలా కనబడింది.

"దాని కింద 'సబ్జెక్ట్స్' అని విషయాల పేర్లున్నాయి, చూశారా? మీ బాధని డాక్టర్లేమంటారో వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి."

'హీట్ స్ట్రెస్' అని ఉందక్కడ. ఆ రెండు మాటల్నీ విడిపోకుండా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టించాడాయన. పక్కన లాండ్రీ, వర్కర్స్ చేర్పించి, పూర్తి వ్యాసాలే చూపించమని టిక్కు పెట్టించాడు.

ఈసారి దొరికింది. తెరమీద వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది పిన్ని. తల తిరగడం, వికారం, మధ్యాహ్నానికి మోకాళ్ళు వణకడం.

"ఇవన్నీ వేడివల్లేనా సార్? మా మేనేజరు బద్ధకం అంటాడు. నేనేమో వయసు అనుకున్నా."

లైబ్రేరియన్ పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ పరిశోధనని తన వ్యాసానికి జోడించి పంపింది. కాసేపటికి మాస్టారి జవాబొచ్చింది: "సరిపోయింది. తీసుకున్నాను."

ఇంక లేచి ఇంటికెళ్ళొచ్చు. లేవలేదు. మేనేజరుకి చూపించడానికి ఆ పరిశోధన కాపీ ఒకటి అచ్చు తియ్యమని లైబ్రేరియన్ని అడిగి, అది వచ్చేదాకా కళ్ళు మూసుకుంది.

మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇంగ్లీషులో వెతకలేక తల పట్టుకుని కూర్చుంటే, ఈ కథ వాళ్ళ చెవిన వెయ్యండి బాబూ.