అడగకూడని దారి

మా కాల్డ్‌రిడ్జ్‌లో ఏ రాజూ పడుకోలేదు. ఈ ఒక్క ముక్క ఊరి చేత ఒప్పించడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. పబ్బు బోర్డు మీద కిరీటంతో సహా గుర్రు పెడుతున్న రాజుగారి బొమ్మ ఉంటుంది. యుద్ధంలో ఓడి పారిపోతూ ఇక్కడ ఒక రాత్రి తలదాచుకున్నాడట. ఆ యుద్ధం నాటికి పబ్బుకి పునాది రాయి కూడా పడలేదు. చర్చి గోపురం వంకరగా ఉన్నది సైతాను తన్నినందుకు కాదు, కట్టిన మేస్త్రీకి తాగుడెక్కువైనందుకు. కూడలిలో దొంగల కాళ్ళు బిగించే కొయ్య ఒకటుంది. బయటివాళ్ళు దాంట్లో కాళ్ళు పెట్టి ఫోటోలు దిగి, పూర్వం ఎంత కిరాతకం అని బాధపడి పోతారు. అది మా విల్ఫ్రెడ్ గార్‌సైడ్ వాళ్ళ నాన్న 1951లో ఏదో ఉత్సవానికని పాత రైలు దుంగతో చేసింది. ఇవన్నీ కాగితాలు తిరగేసి, తేదీలు సరిచూసి, ఊరి చరిత్ర కరపత్రంలో రాసింది నేనే. నా పేరు హిలరీ థ్వెయిట్. ముప్పై నాలుగేళ్ళు బడిలో చరిత్ర చెప్పాను. ఊళ్ళో సగం మందికి నేనంటే భయం, మిగతా సగానికి విసుగు.

అలాంటి నేను ఒక ముసలాయన్ని నిజం దాచిపెట్టమని కాళ్ళావేళ్ళా పడ్డాను. దానికి కారణం ఒక దారి.

మా ఊరు కొండ నెత్తిన ఉంటుంది. చర్చి, పబ్బు, నా ఇల్లు పైన. విల్ఫ్రెడ్ ఇల్లు కింద, పాత నేతగాళ్ళ వరసలో. పైకి రావడానికి రోడ్డుంది కానీ అది నిచ్చెన వేసినట్టు నిటారుగా ఉంటుంది, గొర్రెలు కూడా మధ్యలో ఆగి ఆలోచిస్తాయి. రెండోది శవాల దారి. పూర్వం కింది వాళ్ళు శవపేటికల్ని మోసుకొచ్చిన దారి. సగ్డెన్ వాళ్ళ పొలంలోంచి కొండ పక్కగా చుట్టు తిరిగి మెల్లగా ఎక్కుతుంది. సగంలో పేటిక దించుకోవడానికి ఒక బల్లపరుపు రాయి ఉంది. ఎనభై ఏడేళ్ళ విల్ఫ్రెడ్ ప్రతి ఆదివారం ఆ రాయి మీద కాసేపు కూచుని, లేచి, చర్చి వెనకున్న భార్య ఐవీ సమాధి దగ్గరికి వచ్చేవాడు. ఆవిడ పోయిన పద్నాలుగేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు.

ముసలి సగ్డెన్ పోయాడు. పొలాన్ని జస్టిన్ పెల్ అనే ఆయన కొన్నాడు. పోయిన అక్టోబరులో గేటుకి తాళం పడింది, పక్కనే సొంత స్థలం, ప్రవేశం లేదు అని బోర్డు వెలిసింది. తాళం చూసి విల్ఫ్రెడ్ వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోయాడు. నేను మాత్రం ఫైలు తెరిచాను.

ఆ దారి పాత మ్యాపుల్లో లేదు. సర్వేకొచ్చిన మనిషి వానలో కొండెక్కడానికి బద్ధకించి ఉంటాడని నా అనుమానం. కాగితం మీద లేని దారికి చట్టంలో ఒకటే గతి. గేటు మూసేముందు ఇరవై ఏళ్ళు జనం చాటుమాటు లేకుండా, దౌర్జన్యం చెయ్యకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా నడిచారని రుజువు చెయ్యాలి. అప్పుడది ఊరుమ్మడి దారి అవుతుంది, ఎవరూ మూయలేరు. అదే అడిగి నడిచారనుకోండి, అది హక్కు కాదు, పొలంవాడి దయ. దయకి తాళం వెయ్యొచ్చు.

అందుకే మొదటిరోజే విల్ఫ్రెడ్ ఇంటికెళ్ళి గట్టిగా చెప్పాను. "ఏం చేసినా చెయ్యండి, ఆ పెల్ గుమ్మం మాత్రం తొక్కకండి. అనుమతి అన్న మాట మీ నోట రాకూడదు. అడిగారా, మనకి హక్కు లేదని మనమే ఒప్పుకున్నట్టు."

"అడిగితే ఇస్తాడేమో కదమ్మాయ్," అన్నాడాయన.

"ఇస్తే ఇంకా నాశనం."

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదు కదా అని నసిగాడు. నాకు చదువుంది, ఆయనకి లేదు, అందుకని ఊరుకున్నాడు.

దరఖాస్తు పెట్టాక పదకొండు నెలలు పట్టింది విచారణకి. ఈలోగా ఆయన్ని నా కార్లో సమాధి దగ్గరికి తీసుకెళ్ళాను, మూడంటే మూడుసార్లు. చర్చి ముందు రోడ్డు ఇరుకు, ఆపితే వెనక ట్రాక్టర్లు హారన్ కొడతాయి. ఇంజను ఆపకుండా కూచుని గడియారం చూసుకునేదాన్ని. మూడోసారి దిగుతూ ఆయన అన్నాడు, ఇంక వద్దులే, బయట నువ్వు ఎదురు చూస్తూంటే ఐవీతో ఏం మాట్లాడాలో తోచట్లేదని. మంచిది, నాకూ పనుంది అనుకున్నాను. నిజంగా పని తలకి మించి ఉంది. ఊళ్ళో ముప్పై ఒక్క ఇళ్ళుంటే పంతొమ్మిదింట్లో శని ఆదివారాలకి మాత్రమే దీపం వెలిగేది, అవి పట్నంవాళ్ళ సెలవు ఇళ్ళు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ దారిలో నడిచినవాళ్ళు వెతగ్గా వెతగ్గా నలుగురు తేలారు. వాళ్ళ చేత సాక్ష్యం ఫారాలు నింపించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఒకావిడ ఆ దారిలో తను చూసిన పిట్టల జాబితా జతచేసింది. అసలు ప్రశ్న పద్నాలుగోది, ఎప్పుడైనా అనుమతి అడిగారా అని. దాని దగ్గర విల్ఫ్రెడ్ కాక మిగతా ముగ్గురూ ఒకటే రాశారు, విల్ఫ్రెడ్‌ని అడగండి అని.

విల్ఫ్రెడ్ ఫారం చూశాను. పద్నాలుగు దగ్గర పెన్సిలుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, "అడిగాం, ఏటా" అని ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

ఆయన తాపీగా చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాన్న కాలం నుంచీ అంతేనట. సెప్టెంబరు చివర్లో కింది వరసలో ప్రతి ఇంటివాళ్ళూ సగ్డెన్ వంటింటి తలుపు కొట్టి, గూస్‌బెర్రీ జామ్ సీసా ఒకటి చేతికిచ్చి, ఈ ఏడు కూడా నడుచుకుంటామండీ అనేవారట. ఆయన నడవండి అనేవాడట. ఇదెప్పుడూ ఎందుకు చెప్పలేదని అరిచాను. నువ్వెప్పుడూ అడగలేదుగా అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి చరిత్ర తవ్వుతున్నాను, నా కిటికీలోంచి కనిపించే పొలానికి ఏటా వెళ్ళిన జామ్ సంగతి మాత్రం నాకు తెలియలేదు.

"మహానుభావా, అది ఒట్టి మర్యాద కదా. పండక్కి ఇచ్చినట్టు ఇచ్చారు."

"మర్యాదే. అడగడమే కదమ్మాయ్ మర్యాదంటే."

"ఆయన వద్దంటే మానేసేవారా?"

"వద్దని ఎందుకంటాడు? అడిగాంగా."

గోడకి తల బాదుకోవాలనిపించింది. పోనీ ఆ ఒక్కటీ ఖాళీగా వదిలేయమన్నాను. జవాబు తెలిసిన ప్రశ్న ఖాళీగా ఎందుకు వదలాలన్నాడు. అది అబద్ధం కాదు, ఊరుకోవడం అంతే అన్నాను. బడిలో ఏ పిల్లాడైనా ఈ మాట నాతో అని ఉంటే బల్ల ఎక్కించేదాన్ని.

విల్ఫ్రెడ్ నావైపు చూసి నవ్వాడు. "ఆ రాజుగారిని ఒక్క రాత్రి పడుకోనిచ్చావు కాదు నువ్వు. నాలుగు బేరాలొస్తాయి, ఆ ఒక్క వాక్యం ఉంచమ్మా అని పబ్బువాడు ఎంత బతిమాలాడు. జరగలేదు, వీల్లేదన్నావు. ఇప్పుడు నాకీ పాఠం చెప్తున్నావా?"

"అది వేరు."

"ఏం వేరు?"

ఆ దారి పోతే మీరింక ఐవీ దగ్గరికి నడవలేరు, అది ఆలోచించండి అని, ఆడకూడని మాట ఆడేసి వచ్చాను. మూడు రోజులకి ఫారం నా గుమ్మంలో ఉంది. పద్నాలుగు దగ్గర రబ్బరుతో చెరిపి ఉంది. కింద ఒక చీటీ. నీకోసం చెరిపాను, నోటితో అడిగితే మాత్రం చెబుతాను.

నాకు మిగిలింది దింపుడుకల్లం ఆశ. ఎవరూ అడక్కపోతే చాలు.

సెప్టెంబరులో ఊరి హాల్లో విచారణ జరిగింది. విచారణాధికారి ఎదురుగా విల్ఫ్రెడ్ పెళ్ళినాటి టై కట్టుకుని కూచున్నాడు. ఎన్నేళ్ళు నడిచారు, ఎంత వెడల్పు, ఎక్కడ బురద, అన్నిటికీ చక్కగా చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకుంటున్నాను. అప్పుడు పెల్ తరఫు లాయరమ్మ లేచింది. చిన్నపిల్ల, జలుబు చేసి ఉంది. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఏదో చెరిపినట్టుంది, ఏం రాశారు సార్ అని అడిగింది.

ఆయన అంతా చెప్పాడు. జామ్ సంగతి చెప్పాడు. ఎవరెవరి ఇంటి నుంచి వెళ్ళేదో పేర్లతో సహా చెప్పాడు. ఒక ఏడాది పంట పాడై, జామ్ లేక, బదులుగా గుడ్లు ఇచ్చారని కూడా చెప్పాడు. అది ఎవరు అడిగారని? హాల్లో వెనక కూచున్న ముగ్గురు సాక్షులూ అవునవునని తలలూపారు. ఎందుకు చెరిపారని లాయరమ్మ అడగలేదు. అడిగుంటే నా పేరు కూడా చెప్పేవాడు. విచారణాధికారి కలం మూత పెట్టిన చప్పుడు నాకు వినిపించింది. నలభై నిమిషాల్లో శవాల దారి పోయింది.

తర్వాత టీ పోశారు. నేను ఒక మూల నిలబడి ఎవరి మొహమూ చూడకుండా బిస్కెట్ తింటున్నాను. పెల్ విల్ఫ్రెడ్ దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో, నేను అనుకున్నంత దుర్మార్గుడిలా లేడు. గేట్లు తీసి మూయకుండా వెళ్ళేవాళ్ళ వల్ల రెండు గొర్రె పిల్లలు రోడ్డు మీద చచ్చాయని, అందుకే తాళం వేశానని చెప్పాడు.

"సగ్డెన్ గారిని అన్నేళ్ళు అడిగారు కదా. మరి నన్నెందుకు అడగలేదు సార్?"

విల్ఫ్రెడ్ కప్పులోకి చూశాడు. "ఈ అమ్మాయి అడగొద్దంది."

పెల్ నావైపు తిరిగాడు. అడిగుంటే ఆ రోజే తాళంచెవి ఇచ్చేవాణ్ణి అన్నాడు. కేసు చెడిపోతుందని చెప్పి ఉంటారేమో అని లాయరమ్మ ముక్కు తుడుచుకుంటూ నాకు సాయం రాబోయింది. నిజానికి చెడిపోదండీ, లెక్కలోకి వచ్చేది గేటు మూసేముందు ఇరవై ఏళ్ళే, మూసాక ఎన్నిసార్లు అడిగినా ఫర్వాలేదు అంది. మా ఇంట్లో ఆ చట్టం ప్రతి ఉంది. పసుపు రంగు పెన్నుతో గీతలు కొట్టి మరీ చదివాను. గేటు మూసేముందు అన్న ముక్క కింద కూడా గీత ఉంది. దాని అర్థం మాత్రం ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

పదకొండు నెలలు. నలభై ఏడు ఆదివారాలు. విల్ఫ్రెడ్ ఖాళీ కప్పు బల్ల మీద పెట్టి టోపీ పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బావుండేది.

ఆ ఆదివారం ఆయన పెల్ ఇంటి తలుపు కొట్టి, అడిగి, శవాల దారిన బయల్దేరడం కిటికీలోంచి చూశాను. ఎదురెళ్దామని చర్చి వెనక్కి నడిచాను. తేనెటీగల కోసమని ఆ ఏడు గడ్డి కోయొద్దని చర్చి కమిటీ తీర్మానించింది. ఆ తీర్మానం రాసిందీ నేనే. ఐవీ రాయి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ముళ్ళకంప రాతి మీది పేరును కప్పేసింది, దురదగొండి మోకాలి దాకా ఉంది. నా ఇంటి నుంచి ఆ సమాధికి అరవై అడుగులు. ఆయన దారి కోసం నాలుగు ఫైళ్ళు నింపాను, ఇటు మాత్రం ఒక్కసారి రాలేదు.

విల్ఫ్రెడ్ రొప్పుతూ వచ్చాడు. చూశాడు. టోపీ తీసి పక్కన పెట్టి, చాలాసేపు పట్టినా సరే, మోకాళ్ళ మీదికి దిగాడు. ఉత్త చేతుల్తో ముళ్ళకంప లాగడం మొదలుపెట్టాడు.

నేను నిలబడే ఉన్నాను. చొరవగా వంగి నాలుగు మొక్కలు పీకేయడం నాకు అలవాటైన పనే, ఎవర్నీ అడిగి ఏదీ చేసినదాన్ని కాదు. ఆ రోజు చేతులు రాలేదు.

"విల్ఫ్రెడ్, నేనూ పీకనా?" అని అడిగాను.

ఆయన తల ఎత్తలేదు. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.

"వేళ్ళతో సహా లాగు," అన్నాడు. "పైపైన తుంచకు."