తెరుచుకోని కిటికీ

పక్కింటి ఒడెస్సా ఇంట్లో అడుగు పెట్టగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నేల తళతళలాడుతోంది. ఇల్లంతా సబ్బు వాసన.

"తుడిచేశావా?"

"ఇన్‌స్పెక్టర్ ఇంటికొస్తుంటే దుమ్ములో నిలబెడతానా? మా అమ్మ నన్నలా పెంచలేదు."

"నీ మర్యాద మండా! ఆయన వచ్చేదే ఆ దుమ్ము కోసం అక్కా!"

బాల్టిమోర్‌లో మా వీధి ఇళ్ళన్నిటికీ సీసం కలిపిన పాత రంగే. ఆ పొడి నోట్లోకి పోయి ఒడెస్సా కూతురు జొనెల్ రక్తంలో సీసం తేలింది. ఇల్లు బాగయ్యేదాకా పిల్లని పిన్ని దగ్గర ఉంచారు. ఇంటి ఓనరు లైసెన్సున్న కంపెనీని పిలిచాడు. వాళ్ళు సర్టిఫికెట్ తలుపుకి అంటించారు, తడపకుండా గోడలు గీకారు, పైన కొత్త రంగు కొట్టి పోయారు. పొడి లేవకుండా తడిపి గీకాలని రూలుంది. అడిగేవాడేడీ? కాగితం ఉంటే విషం కూడా శుభ్రమే ఈ ఊళ్ళో. ఆ లైసెన్సు పీకించాలంటే మా వీధి సంఘానికున్న సాక్ష్యం ఆ దుమ్మొక్కటే. దాన్ని ఈవిడ బకెట్‌లో పిండేసింది.

"పాసైతే జొనెల్ ఇంటికొస్తుంది. నువ్వు నోరు పెట్టకు," అంది ఒడెస్సా.

ఇన్‌స్పెక్టర్ ప్రూయిట్ వచ్చాడు. తడిగుడ్డతో నేల తుడిచి, సీసం పరీక్షకి పంపడానికి గుడ్డని గొట్టంలో పెట్టి మూతేశాడు. "ఇల్లు అద్దంలా ఉంచావమ్మా," అన్నాడు. ఒడెస్సా మురిసిపోయింది. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను.

పిల్ల గదిలో కిటికీ రెక్క ఎత్తబోయాడు. కదల్లేదు. కొత్త రంగుతో చట్రానికి అతుక్కుపోయింది.

"పోనీలే, ముందు గది కిటికీ తెరుచుకుంటుందిగా. అక్కడి దుమ్ము తీసుకుంటా."

అదీ ఈవిడ కడిగిందే! నేను నోరు తెరిచాను. ఒడెస్సా గుడ్లురిమింది. మూసుకున్నాను.

ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. ఒడెస్సా మాత్రం కదల్లేదు. కిటికీ కిందున్న జొనెల్ మంచాన్నే చూస్తోంది.

"ఆగండి సార్."

వంటింట్లోంచి కత్తి తెచ్చి రంగు అతుకు కోసింది. భుజం ఆనించి రెక్క పైకి తోసింది. కింది గాడి నిండా బూడిదరంగు పొడి, పెచ్చులు.

"ఇక్కడ తుడవండి."

"ఇది ఫెయిలవుతుందమ్మా. మళ్ళీ పని మొదటికొస్తుంది. పిల్ల రావడం ఆలస్యమవుతుంది."

"తుడవమన్నానా!"

ఆయన తుడిచాడు. గుడ్డ నల్లబడింది.

ఆయన వెళ్ళాక ఒడెస్సా చెల్లెలికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. "మీటింగుల్లో అరుస్తావుగా. నువ్వే చెప్పు."

అవతల చెల్లెలు కాదు, జొనెల్. "అమ్మా, పాసైందా?"