రెబెకా చెప్పలేని జవాబు

నాయకత్వం చూపిన సందర్భం చెప్పమని ఇంటర్వ్యూలో అడిగితే రెబెకా వెతుక్కోనక్కర్లేదు. డిగ్రీ చదివే రోజుల్లో, తమ పేటలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లందర్నీ కూడగట్టింది తనే. అంతకుముందు మేస్త్రీ ఆటో తెచ్చి నచ్చినవాళ్లనే ఎక్కించుకునేవాడు. ఎదురు చెప్పినామెకు ఆ వారం పని ఉండేది కాదు. రెబెకా అందర్నీ చర్చి వరండాలో కూర్చోబెట్టి, వంతులు వేసి, మిర్చి కొట్ల యజమానులతో నేరుగా మాట్లాడించింది. ఆమె తల్లి సంతోషకుమారి కూడా ఆ గుంపులో మనిషే.

ఆ ఆడవాళ్లకు మొదట పని ఇచ్చింది తేజశ్రీ వాళ్ల నాన్న. తేజశ్రీ, రెబెకా కాలేజీలో ఒకే బెంచీ. ఎంబీఏ ప్రవేశపరీక్ష కోసం గుంటూరు బ్రాడీపేటలో ఒకే కోచింగ్ సెంటర్లో చేరారు. లెక్కలు రెబెకా చెప్పేది, సాయంత్రం స్కూటీ మీద తేజశ్రీ దించేది. పరీక్షలో ఇద్దరూ గట్టెక్కారు. హైదరాబాదులోని ఒక కాలేజీ నుంచి ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.

కోచింగ్ సెంటర్లో శ్యామ్ సుందర్ సార్ మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. అందరి ఎదుటా ముందు తేజశ్రీ కూర్చుంది. నాయకత్వం ప్రశ్న రాగానే, తమ కొట్లో కూలీలు మేస్త్రీ చేతిలో పడుతున్న బాధ చూడలేక వాళ్లను ఒకటి చేశానని ఇంగ్లీషులో గడగడా చెప్పింది. తన పేరు ఎక్కడో ఒకచోట వస్తుందని రెబెకా చివరిదాకా ఎదురుచూసింది. రాలేదు.

"అదేంటే, అది నేను చేసింది కదా?" అంది బయటికొచ్చాక.

"మా కొట్లోనే కదే జరిగింది. నాన్న ఒప్పుకోకపోతే అయ్యేదా? నీకింకా బోలెడున్నాయి. నాకేముంది చెప్పుకోడానికి?"

రెబెకా సార్ దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఇద్దరూ ఒకటే చెబితే ఇద్దరికీ పోతుందమ్మా. యజమాని కూతురు చేసిందంటే వినేవాళ్లకు కొత్తగా ఉంటుంది. నువ్వు చేశానంటే, మీ అమ్మ కోసం చేసుకున్నావంటారు. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతావు కదా, అది చెప్పు."

ఇంట్లో చెబితే సంతోషకుమారి భయపడింది. "ఆ పిల్లతో గొడవ పెట్టుకోమాక. వాళ్ల నాన్న పని ఆపేస్తే ఇంతమందిమీ మళ్లా మేస్త్రీ ముందు నిలబడాల."

హైదరాబాదులో రెబెకా పాటల సంగతే చెప్పింది. వింటున్న ముగ్గురిలో ఒకావిడ మధ్యలో ఆపింది.

"మీ గుంటూరులో మిర్చి కూలీలకు ఒకమ్మాయి చాలా చేసిందట. ఇందాకే విన్నాం. నీకు తెలుసా?"

రెబెకాకు తల్లి మొహం కళ్లముందు మెదిలింది. "తెలుసండీ" అంది. తర్వాత ఆగలేకపోయింది. మేస్త్రీకి జడిసి మొదట ఒక్కరూ వరండా ఎక్కకపోవడం, వంతుల దగ్గర జుట్లు పట్టుకోబోవడం, దగ్గుతో పడుకున్నవాళ్ల వంతు పక్కవాళ్లు చెయ్యడం, అన్నీ చెప్పుకుపోయింది.

ఆవిడ శ్రద్ధగా విని అడిగింది: "ఇంత దగ్గరగా చూశావు. మరి వెళ్లి నువ్వూ ఓ చెయ్యి వెయ్యాలనిపించలేదా?"

ముగ్గురూ ఆమె జవాబు కోసం చూసి, వెళ్లిరమ్మన్నారు.

సీటు తేజశ్రీకి వచ్చింది. ఆ రోజు వాళ్ల నాన్న కొట్లో పనివాళ్లందరికీ బిర్యానీ పెట్టించాడు.

హాస్టలుకు వెళ్లేముందు తేజశ్రీ చెప్పిపోదామని స్కూటీ మీద పేటకొచ్చింది. రెబెకా లోపలి గదిలోంచి కదల్లేదు. సంతోషకుమారి కొంగు సర్దుకుంటూ గుమ్మంలోకి పోయింది.

"రండమ్మాయిగారూ, కూర్చోండి. మా పిల్ల చర్చికి పోయింది" అంది.

"పర్లేదమ్మా, వచ్చానని చెప్పండి. వచ్చే ఏడు తనకూ వస్తుంది."

"మీ నోటి చలవమ్మా" అంది సంతోషకుమారి.

గోడ అవతల రెబెకా రెండు చేతులతో చెవులు మూసుకుంది. అయినా ఆ మాట వినపడింది.