అత్తయ్య దవడలో ఖాళీ

ఫోన్ పెట్టేసి మా ఆయన నన్ను నడుం పట్టుకుని వంటింట్లో రెండు చుట్లు తిప్పాడు.

"పర్మనెంట్ చేశారోయ్! పెద్ద డాక్టరుగారే స్వయంగా చెప్పారు!"

నా చేతిలో గరిటె ఎగిరి సింకులో పడింది. పెళ్ళయి నలభై రోజులు. ఆ రోజుల్లో నేను దేనికైనా మురిసిపోయేదాన్ని. ఒకే కొక్కేనికి వేలాడే మా ఇద్దరి తువ్వాళ్ళకీ, తుమ్మబోతూ అతను ముక్కు ముడిచే తీరుకీ కూడా. అలాంటిది, పళ్ళ డాక్టరైన మొగుడికి ఉద్యోగం ఖాయమైందంటే ఇక చెప్పాలా!

"ఇంకోటుందమ్మా. నీకు దవడ పళ్ళు ఆయనే కడతారట, ఊరికే. డాక్టరు తల్లి నోట్లో ఖాళీలుంటే మన క్లినిక్ పరువేం కానూ అన్నారు," అంటూ అత్తయ్య వైపు తిరిగాడు.

అత్తయ్య ఆపిల్ తింటోంది. కింది దవడలో రెండు వైపులా చివరి పళ్ళు రెండేసి ఊడి పన్నెండేళ్ళయింది. మిగిలిన వాటితోనే కరకరా నమిలేస్తుంది.

"నాకిప్పుడేం తక్కువైందిరా? పన్నెండేళ్ళుగా పస్తులున్నానా?"

"కాదనకమ్మా. ఇప్పుడే కదా పర్మనెంట్ చేశారు."

మర్నాడు అత్తయ్యతో నేనూ క్లినిక్‌కి వెళ్ళాను. మనిషి దగ్గరికి రాకముందే పెద్ద డాక్టరుగారి సెంటు వాసన వచ్చింది. అత్తయ్య నోట్లో అద్దం పెట్టి, పక్కనున్న జూనియర్లకి వినపడేలా అన్నారు:

"దవడ చివర ఖాళీ అంటే రోడ్డు పక్క ఖాళీ స్థలం. గోడ కట్టకపోతే పక్కవాడు కబ్జా చేసేస్తాడు. ఏమంటారు?"

అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తర్వాత ఆల్బమ్ తెరిచారు. అక్కడికొచ్చే ప్రతి పేషెంటుకీ చూపించే ఆల్బమ్ అది. పేజీకో నోరు. చీము కారే చిగుళ్ళు, పాచి పేరుకుని ఆకుపచ్చగా మారిన పళ్ళు, నల్లబడిన మొద్దులు. "పళ్ళు కట్టించుకోకపోతే చివరికిలా అవుతుందమ్మా," అన్నారాయన మెత్తగా. మూడో పేజీకి అత్తయ్య నా చెయ్యి నలిపేసింది. నాలుగో పేజీకి సరేనంది.

అత్తయ్యని ఆటో ఎక్కించి పంపాక, దారిలో మా ఆయన్ని అడిగాను. "ఖాళీ ఉంటే నిజంగానే అలా అయిపోతుందా?"

"అబ్బే. అవన్నీ ఏళ్ళ తరబడి పళ్ళు తోమని నోళ్ళు," అన్నాడు, స్కూటర్ నడుపుతూ, చాలా మామూలుగా.

వారానికి కట్టుడు పళ్ళ సెట్టు వచ్చింది. గులాబీ రంగు ప్లాస్టిక్‌కి రెండు వైపులా పళ్ళు, పక్క పళ్ళని పట్టుకోవడానికి తీగ కొక్కేలు. తిన్నదంతా దాని కిందికి దూరేది. భోజనం కాగానే అత్తయ్య సింకు దగ్గర దాన్ని ఊడదీసేది. నమిలిన మెతుకులు జిగటగా సాగుతూ ఊడొచ్చేవి. దాన్ని నీళ్ళ గ్లాసులో వేసేది. కాసేపటికి నీళ్ళు మబ్బుగా మారేవి, మీద ఒక మీగడ కట్టేది. ఆ గ్లాసు కడగాల్సి వచ్చినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టేదాన్ని. రెండో వారం నుంచి అత్తయ్య మాతో కూర్చుని తినడం మానేసింది. తన గదిలో గంజి తాగేది.

"వాసనొస్తోంది కదమ్మాయ్? నాకే అసహ్యంగా ఉంది. మీ ఎదురుగా ఎలా తినను?"

ఆ సాయంత్రం మా ఆయన బూట్లయినా విప్పకముందే నిలదీశాను.

"నిజం చెప్పు. అత్తయ్యకి అవి అవసరమా?"

నేల చూస్తూ అన్నాడు. "ముందు పళ్ళూ, వాటి పక్కవీ పైనా కిందా సరిగ్గా కలుస్తూ, మనిషికి ఇబ్బంది లేకపోతే వదిలేసి, అప్పుడప్పుడూ చూసుకుంటే చాలు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను."

"మరి క్లినిక్‌లో?"

"ఖాళీ వదిలేస్తే పని రానివాడంటారు. టీ తాగేటప్పుడు ఎవర్నడిగినా మా అమ్మకైతే వదిలేస్తాననే అంటారు. లోపలికెళ్ళాక అందరూ కట్టేస్తారు."

"నువ్వు నయం. మీ అమ్మక్కూడా కట్టించావు!"

నవ్వుతాడేమోనని భయపడ్డాను. నవ్వలేదు. లేచి టార్చి తీసుకుని అత్తయ్య గదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నోరు తెరవనని మొండికేసింది, తర్వాత తెరిచింది. నాలుక పక్కన ప్లాస్టిక్ ఒరుసుకున్నచోట తెల్లగా పుండు. కొక్కెం పట్టిన మంచి పన్ను చుట్టూ చిగురు ఉబ్బి, వేలితో నొక్కగానే చీము బొట్టు కట్టింది. రోజూ ముప్పై నోళ్ళు చూసేవాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"నీ ఉద్యోగం కదరా."

అతను చాలాసేపు టార్చిని ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చున్నాడు. తర్వాత సెట్టుని కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"రేపు ఎనిమిదిన్నరకి, పేషెంట్లెవరూ రాకముందే ఆయన గదిలోకి వెళ్తా. సరిచేసివ్వమని అడగను. మా అమ్మకి ఇది అక్కర్లేదని, నాకు ముందే తెలిసి కూడా చెప్పలేదని చెప్తా. ఇప్పట్నుంచి అక్కర్లేని వాళ్ళెవరికీ కట్టనని కూడా చెప్తా. మీరిద్దరూ నాతో రండి. గుమ్మం దగ్గర నా కాళ్ళు వెనక్కి తిరిగితే లోపలికి తోసెయ్యండి."