అమ్మ కమ్మల్లో నకిలీది ఏది?

అక్కలిద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడానికి తమ్ముడికి పదిహేనేళ్ళు పట్టింది. ఎందుకు కూర్చోబెట్టానురా దేవుడా అనుకోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పెద్దక్క కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. చిన్నక్క గోడ మీది క్యాలెండరు చదువుతోంది. అంతసేపు చదవడానికి క్యాలెండరులో ఏముంటుందండీ!

గొడవంతా అమ్మ రాళ్ళకమ్మలది. అమ్మ పోయాక గుర్తుగా చెరొకటి తీసుకున్నారు. నెల తిరక్కుండానే నిప్పు రాజుకుంది. అమ్మ చెవి వెనక వెన్నలా తిరిగే మర పెద్దక్క కమ్మకి సగం చుట్టులోనే బిగుసుకుపోయింది. చిన్నక్క కమ్మకేమో మర వదులై, తల తిప్పితే ఊడి పడేది. నాకొచ్చింది నకిలీది, అసలుది నువ్వు నొక్కేశావు అని ఇద్దరూ ఒకే మాట అనుకున్నారు. అమ్మ చివరి ఏడాది చెరో ఆరు నెలలు ఇద్దరిళ్ళలోనూ ఉంది కాబట్టి అక్కడే మార్చేసి ఉంటుందని అనుమానించడానికి ఇద్దరికీ వీలు దొరికింది. అంతే, మాటలు బంద్. ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

పాత నగల వయసు చెప్పే ఒకావిడ ఉందని ఎవరో చెబితే, తమ్ముడు బతిమాలి, బామాలి, ఇద్దరినీ ఆవిడ దగ్గరికి లాక్కొచ్చాడు. తీరా కూర్చున్నాక గాని అసలు సంగతి బుర్రకెక్కలేదు. ఏ కమ్మ నకిలీదని తేలినా, రెండో కమ్మ ఉన్న అక్క దొంగ అయిపోతుంది. ఇక ఆ అక్క ఈ జన్మకి మొహం చూపించదు.

పరీక్ష చేసే ఆవిడకి ఇవేమీ పట్టలేదు. కంటికి చిన్న భూతద్దం బిగించి, పెద్దక్క కమ్మని దీపం కింద అటూ ఇటూ తిప్పుతూ తనలో తనే ఏదో గొణుక్కుంటోంది. అచ్చులో పోత పోసిందైతే లోపలి వైపు సూదిమొనంత గుంటలుంటాయట. ఇందులో లేవు. ఆకురాయి గీతలున్నాయి, అవీ వంకరటింకరగా. రాళ్ళలో ఏ రెండూ ఒక్కలా లేవు. చెవిలో దూరే కాడ ఏళ్ళ తరబడి ఒరుసుకుని కింది వైపు అరిగింది. చేత్తో చేసిందే, డెబ్బై ఎనభై ఏళ్ళది, అని తేల్చేసింది.

పెద్దక్క మొహం పాలిపోయింది. తనది అసలుదైతే దొంగ తనే అవుతుంది మరి! చిన్నక్క మొదటిసారి క్యాలెండరు మీంచి చూపు తిప్పి, తమ్ముడి వైపు "విన్నావా?" అన్నట్టు చూసింది. తమ్ముడు చెప్పుల వైపు చూసుకున్నాడు.

రెండో కమ్మ దీపం కిందికి వచ్చింది. ఆవిడ ఈసారి గొణగడం కూడా మానేసింది. అవే వంకర గీతలు, అదే చేతివాటం, కాడ కింద అదే అరుగుదల.

"ఇదీ పాతదే. రెండూ ఒకే చేతి పని, ఒకే జత."

తమ్ముడికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ పెద్దక్క ఊరుకుంటుందా? మరి మర ఎందుకు పట్టదో చెప్పమని నిలదీసింది. నాదెందుకు జారుతుందో కూడా చెప్పమంది చిన్నక్క. ఆవిడ రెండు మరల్నీ చూసింది. అవీ పాతవే. పెద్దక్క కమ్మకి ఎక్కించి చూస్తే సగంలో ఆగింది. చిన్నక్క కమ్మకి ఎక్కిస్తే లొడలొడలాడింది. ఆవిడ ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ మరని దీనికి, ఈ మరని దానికి పెట్టి తిప్పింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుట్లు! రెండు కమ్మలకీ మరలు చివరిదాకా జర్రున వెళ్ళి కూర్చున్నాయి. అప్పట్లో ప్రతి మరనీ దాని కాడకే కొలిచి చేత్తో కోసేవారట. ఒకదానిది ఇంకొకదానికి చచ్చినా పట్టదట. మీ దగ్గర నకిలీది ఏదీ లేదమ్మా, మరలు మారాయి, అంతే అంది.

"పంచుకున్న రోజు వీటికి మరలు ఎవరు పెట్టారు?" అని అడిగింది ఆవిడ.

తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కమ్మలకి జిడ్డు పట్టిందని మరలు విప్పి సబ్బునీళ్ళ గిన్నెలో వేసిందెవరు? తుడిచి, చేతికి అందింది అందినట్టు తగిలించి చెరొకటి ఇచ్చిందెవరు? గుర్తులేదంటే సరిపోతుంది. రెట్టించి అడిగేవాళ్ళెవరూ లేరు. కానీ పదిహేనేళ్ళు! నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనేనక్కా. నేనే కడిగి పెట్టాను."

ఆ తర్వాత చూడాలి! బుద్ధుందా అని ఒకరు మొదలుపెడితే గడ్డి తింటున్నావా అని రెండోవారు అందుకున్నారు. చిన్నప్పుడు గడియారం విప్పి పాడుచేసిన సంగతి పెద్దక్క తీస్తే, దాన్ని మళ్ళీ బిగించాక మూడు చక్రాలు మిగిలిపోయాయని చిన్నక్క గుర్తు చేసింది. మూడు కాదే, నాలుగు, అంది పెద్దక్క. మూడే అక్కా, నేను లెక్కపెట్టాను, అంది చిన్నక్క. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇంత కమ్మటి తిట్లు జన్మలో తినలేదు.

తిట్టి తిట్టి ఇద్దరికీ ఆయాసమొచ్చింది. పెద్దక్క చీర చెంగుతో మొహం తుడుచుకుని నేల వైపు చూస్తూ చిన్నక్కని అడిగింది.

"నీ కూతురికి పిల్లలా?"

"ఇద్దరక్కా. పెద్దదానికి పదేళ్ళు."

"పదేళ్ళా," అంది పెద్దక్క. చిన్నక్క తన కుర్చీని ఆమె పక్కకి జరుపుకుని, సంచీలో పిల్లల ఫోటో కోసం వెతకడం మొదలుపెట్టింది.