మూడో పిలుపు

ఫ్రిజ్‌లోంచి తీసిన రక్తం సంచిని తువ్వాలలో చుట్టి, వార్డుబాయ్ కట్టయ్య మెట్లెక్కుతున్నాడు. ఆ చల్లదనం అరచేతుల్లోకి దిగడం ముప్పై ఏళ్లుగా ఆయనకు అలవాటే. వరంగల్‌లోని ఆ దవాఖానలో డాక్టర్లు మారారు, గోడల రంగులు మారాయి, కట్టయ్య మాత్రం మారలేదు. మాసిన ఖాకీ చొక్కా, కాస్త వంగిన నడుము, ఎవరిని అడిగినా తానే జవాబు చెప్పేసే నోరు. ఆ నోటి తొందర చూసి వార్డంతా నవ్వుకునేది.

నర్సు పద్మలత పదకొండో మంచం దగ్గర నిలబడి, "పూలమ్మా!" అని పిలిచింది. మంచం మీది ముసలామె ముఖాన కొంగు కప్పుకుని పడుకుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఆమెనే సిస్టర్," అన్నాడు కట్టయ్య. "వాళ్లూర్ల ఒక్క పిలుపుకు పలకరు. చావు ఒక్కసారే పిలుస్తదట. మూడోసారి పిలిస్తెనే నోరు తెరుస్తరు."

పద్మలత నవ్వి, రక్తం ఎక్కించడం మొదలుపెట్టింది.

కొద్దిగా దిగిందో లేదో, ముసలామె మంచం ఊగేలా వణికింది. "సలి బిడ్డా! నడుం ఇరుగుతాంది!" కొంగు తొలగింది. ఆమె పూలమ్మ కాదు, కొమురమ్మ. ఫ్యాను గాలి కోసం పొద్దున ఇద్దరూ మంచాలు మార్చుకున్నారు. అసలు పూలమ్మ పక్క మంచం మీద మేలుకునే ఉంది. పిలుపు విని, మూడోదాని కోసం కాచుకుంది.

పద్మలత చప్పున రక్తం ఆపి, గొట్టం మార్చి, సెలైన్ పెట్టింది. డాక్టరు పరుగున వచ్చాడు. మిగిలిన సంచిని పరీక్షకు బ్లడ్ బ్యాంకుకు తిప్పి పంపారు. కట్టయ్యే మోసుకెళ్లాడు. ఇందాకటి చల్లదనం ఇప్పుడు లేదు. ఎవరి చేతినో పట్టుకున్నట్టు గోరువెచ్చగా ఉంది. మెట్ల మీద ఆయనకు ఏడుపు ఆగలేదు. కొమురమ్మ పోతే ఆ పాపం తనదే.

సాయంత్రానికి కొమురమ్మ గండం గట్టెక్కింది. కట్టయ్య ఆమె కాళ్లు పట్టుకున్నాడు. పక్క మంచం మీంచి పూలమ్మ ఆయన్ని తేరిపార చూసింది.

"నన్ను పిలిస్తే నువ్వెందుకు పలికినవ్ కొడకా?"

కట్టయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

డ్యూటీ దిగి సైకిల్ తాళం తీస్తుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. ఒక్కసారే.

"ఆఁ, అస్తాన్న!" అంటూ అలవాటుగా వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు నడిచి, మెట్ల మీద కూర్చుని, గోడకు తల ఆనించాడు. అలసిపోయి కునుకు తీస్తున్నాడనుకున్నాడు గేటు దగ్గరి షకీల్. కాసేపయ్యాక భుజం తట్టి చూస్తే ప్రాణం లేదు. ఆయన్ని ఎవరూ పిలవలేదని షకీల్ ఒట్టేసి చెప్పాడు.

తెల్లారినా సైకిల్ అక్కడే ఉంది. తాళంచెవి తాళంలోనే ఉంది, హ్యాండిల్‌కు తగిలించిన టిఫిన్ గిన్నె మీద మంచు పడింది.