దావీదు పడని కవర్లు

కోయిలకుంట్ల బస్టాండు వెనక సందులో దాసన్నకు చిన్న ప్రింటింగు ప్రెస్సు ఉంది. పెళ్లి పత్రికలు, క్యాలెండర్లు ఎన్ని వేసినా ఆయన మనసుకు నచ్చిన పని ఒకటే. ఏటా చర్చికి వాగ్దానం కార్డులు వేయడం. ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వాక్యం. జనవరి ఒకటిన వాటిని పళ్లెంలో బోర్లించి పెడితే, విశ్వాసులు కళ్లు మూసుకుని ప్రార్థించి ఒకటి తీసుకుంటారు. వచ్చిన వాక్యమే ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట.

ఆ డిసెంబరులో కర్నూలు నుంచి అల్లుడు యేసుప్రసాద్ ఒక ఆట తయారుచేసుకుని వచ్చాడు. బైబిలులోని మనుషుల బొమ్మలతో నలభై కార్డులు. మన కార్డుతో ఎదుటివాళ్ల కార్డును ఓడించాలి. కొండంత మనిషి గొల్యాతు అందరినీ పడగొడతాడు. గొల్యాతును పడగొట్టేది దావీదొక్కడే.

"బాగుండాదప్పా. నలభై కార్డులూ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముదాం" అన్నాడు దాసన్న.

"డబ్బా అయితే ఒకసారి కొని ఊరుకుంటారు మామా. ఐదేసి కార్డులు కవర్లో పెట్టి అంటిద్దాం. లోపల ఎవరుండారో తెలీకూడదు. దావీదును మెరిసే అట్ట మీద శానా తక్కువ వేద్దాం. వాని కోసం మళ్లీ మళ్లీ వస్తారు."

"అది లాటరీ కాదా?"

"వాగ్దానం కార్డు మాత్రం సూసి తీస్కుంటామా మామా?"

నిజం చెప్పాలంటే ఆ పోలిక దాసన్నకు నచ్చింది. ఎవరికి ఏది రావాలో దేవుడే చూసుకుంటాడులే అనుకుని, కవర్లన్నీ తన చేతులతోనే అంటించాడు.

పిల్లలు ప్రెస్సు ముందు మూగారు. అందరికంటే ఎక్కువగా వచ్చేది దీవెన. నాలుగో తరగతి. కూలికి పోయే అవ్వ రాహేలమ్మ ఇచ్చే చిల్లరంతా ఆ కవర్లకే. కవరును గుండెకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదిలించి, అప్పుడు చించేది.

"మళ్లీ గొల్యాతేనా!" నవ్వేవాడు మెరిసే దావీదు పడిన తోటి పిల్లవాడు ఏసుకుమార్. "మీ అవ్వను ఇంగ పెద్ద కుండలో కూడు వండమనుమే. ఇంటి నిండా గొల్యాతులే!"

"ఎగరొద్దురా. రేపు నాకూ పడతాది, సూస్తా ఉండు" అనేది దీవెన. పడలేదు.

జనవరి ఒకటి ఉదయం ఆరాధనలో పళ్లెం పట్టుకుని తిరుగుతున్నది దాసన్నే. పళ్లెం తన ముందుకు రాగానే దీవెన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"తీస్కోమ్మే, అందరూ సూస్తాండారు" అని రాహేలమ్మ మోచేత్తో పొడిచింది.

"నాకొద్దవ్వా."

రాహేలమ్మ ముఖం వాడిపోయింది. పళ్లెం పక్కవాళ్ల దగ్గరికి జరిగింది.

మర్నాడు దాసన్న దీవెనను ప్రెస్సుకు పిలిచాడు. "నిన్న ఎందుకు తీస్కోలేదు తల్లీ?"

"ప్రార్థన చేసే కదా తాతా ప్రతి కవరూ చించినా? దేవుడు నాకు దావీదును ఇయ్యలా. ప్రార్థనప్పుడు కండ్లు తెరిసి ఆటలాడే ఏసుకుమార్‌కు ఇచ్చినాడు. నేనంటే ఇష్టం లేనట్టుండాది. ఆ పళ్లెంలో గూడా నాకు బాగలేనిదే వస్తాది."

దాసన్న చూపు మిషను మీదికి పోయింది. దావీదును తక్కువ వేసింది తన మిషను. కవరు అంటించింది తన వేళ్లు. నింద మాత్రం దేవుడి మీద పడింది.

"దేవుడు కాదమ్మా. దావీదును తక్కువ ఏసింది నేను."

"ఎందుకు?"

"మీరు మళ్లీ మళ్లీ కొనాలని."

దీవెన ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపే ఆయనకు కష్టంగా తోచింది.

ఆ వారమే దాసన్న మిగిలిన కవర్లన్నీ చించాడు. మామూలు అట్ట మీద దావీదులను వేసి, డబ్బాకు నలభై చొప్పున సర్ది, లోపల ఎవరెవరున్నారో మూత మీద అచ్చు వేశాడు. పిల్లలు తమ దగ్గరున్న కార్డులు తెచ్చి ఇస్తే నిండు డబ్బా ఇచ్చి పంపాడు.

అల్లుడు ఫోన్లో మొత్తుకున్నాడు. "ఇంగ రెండోసారి ఎవరు కొంటారు మామా?"

"రెండోసారి ఆడుకుంటార్లేప్పా."

దీవెన డబ్బా కోసం వచ్చినప్పుడు, ఆరాధనలో మిగిలిన వాగ్దానం కార్డులను దాసన్న బల్ల మీద వెల్లకిలా పరిచాడు. "సదువు. ఇందులో తక్కువది ఏదో సెప్పు."

దీవెన వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చి తల అడ్డంగా ఊపింది. "అన్నీ మంచివే."

"అదీ సంగతి. ఏది వచ్చినా నీకు అన్యాయం జరగదు."

"మరి కండ్లు ఎందుకు మూసుకోవాల తాతా?"

ఇన్నేళ్లుగా కళ్లు మూసుకునే తీసుకున్నాడు దాసన్న. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. దేవుడి మీద నమ్మకంతోనా, అందరూ మూసుకుంటున్నారనా?

"ఏమోమ్మే" అన్నాడు చివరికి.

దీవెన అప్పటికే మోచేతులు బల్ల మీద ఆనించి, కళ్లు తెరుచుకునే ఒక కార్డు తీసుకుంది. కాసేపు చూసి, దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టి ఇంకొకటి ఏరుకుంది. దాసన్న వద్దనలేదు.